మైకమ్మ గొంతు

మా అత్తగారు ఇంతవరకూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఈ సంగతి బస్సు డిపోలో ఏ ఆడదానికి చెప్పినా, "పెట్టి పుట్టావే తల్లీ!" అంటుంది. ఆవిడకు అసలు గొంతే లేదని చెబితే, "ఇంకేం, మరీ మంచిది" అంటుంది. అలా అన్నదానితో నేను మళ్ళీ వారం దాకా మాట్లాడను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. వెనక మెట్టు మీద నిలబడి "ముందుకి జరగండి" అన్నానంటే, ఇంజను పక్కన హాయిగా కూర్చున్నవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. ఇలాంటి నోరున్న కోడల్నీ, మాట రాని అత్తగారినీ ఒకే కప్పు కింద పెట్టిన దేవుడికి హాస్యం బాగానే తెలుసు.

అత్తయ్య ఒకప్పుడు సినిమా స్టూడియోలో దర్జీ. మామగారు చిన్న వయసులోనే పోతే, చంకలో పిల్లాడితో కుట్టుమిషను నమ్ముకుని అక్కడ చేరింది. రాణులకు జాకెట్లు, భటులకు లాగూలు, దొంగలకు గళ్ళ లుంగీలు, అన్నీ ఆవిడ చేతి మీదే. బట్టల షెడ్డులో కూర్చుని "ఏమయ్యా వాచ్‌మాన్!" అని పిలిస్తే గేటు దగ్గర వాచ్‌మాన్ "అమ్మా!" అనేవాడట. అందుకని స్టూడియోలో అందరూ మైకమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన కొన్నాళ్ళకే గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు మాటపెట్టె కూడా తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. అప్పటికి మా ఆయనకు సరిగా మాటలే రాలేదు.

మా ఇంట్లో ముందు గది అంతా మిషనుదే. కిటికీ పక్కన మిషను, దాని పక్కన బట్టలు కత్తిరించే నల్ల బల్ల, గోడకు మేకు, మేకుకు టేపు. అత్తయ్యకు నేను కావాలంటే కత్తెర పిడితో బల్ల మీద కొడుతుంది. మామూలు పనైతే నెమ్మదిగా, పాలు పొంగుతుంటే గబగబా. మరీ చెప్పాల్సిన మాట ఉంటే గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో ఆ నల్ల బల్ల మీదే రాసి, నేను చదవగానే మోచేత్తో తుడిచేస్తుంది. ఆవిడతో పోట్లాడటం నా వల్ల ఎప్పుడూ కాలేదు. నేను గుక్క తిప్పుకోకుండా అరుస్తాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అంతా వింటుంది. అయిపోయాక మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు తోస్తుంది. ఇక ఏం పోట్లాడతాం, నా మొహం!

నాకు కండక్టరు ఉద్యోగం వచ్చినప్పుడు మా ఆయన వైపు పెద్దలంతా మా ఇంట్లో సభ తీర్చారు. "ఇంటి కోడలు బస్సుల వెంట వేలాడటమేమిటి? నలుగురు మగాళ్ళ మధ్య చిల్లర లెక్కపెట్టుకోవడమేమిటి?" అన్నారు. మా ఆయన ఫ్యాన్ల మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. తీగలాగే ఎటు వంచితే అటు వంగే మనిషి. ఆ రోజు కూడా అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య మాత్రం మిషను దగ్గరి నుంచి లేవలేదు. వాళ్ళు వాదిస్తున్నంతసేపూ ఏదో కుడుతూనే ఉంది. కాఫీలు తాగడం అయ్యేసరికి లేచి, కుట్టినదాన్ని ఒక్కసారి విదిలించి, వాళ్ళందరికీ కనబడేలా గుమ్మానికి తగిలించింది. అది నా కొలతలకు కుట్టిన ఖాకీ చొక్కా. టికెట్ల కట్టకు ఒక జేబు, ఈలకు ఒక చిన్న జేబు. పెద్దలు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఈ రోజు నేను తింటున్న తిండి, తలెత్తుకుని నడుస్తున్న నడక, అన్నీ ఆవిడ పెట్టినవే. నా కన్నతల్లి ఉన్నా ఇంతకంటే చేసేది కాదు.

ఒకసారి మా ఆయన ఇంట్లోనే ఎవరిదో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చుని, ఉన్నట్టుండి అన్నాడు. "అమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తులేదే. గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే నీ గొంతే వస్తోంది."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నేనూ ఎన్నోసార్లు అనుకున్నదే అది. పక్కింటి అత్తాకోడళ్ళు గోడ అవతల అరుచుకుంటుంటే నాకు అసూయగా ఉండేది. చీరలూ నగలూ వద్దు, ఆ గొంతు ఒక్కసారి వింటే చాలనిపించేది. కానీ ఫోటో ఉంటే చూడొచ్చు, లేని గొంతును ఎక్కడని వెతుకుతాం?

ఆ వెతకడానికి దారి చూపించింది చిన్నత్తయ్య, అంటే అత్తయ్య చెల్లెలు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో, "మా అక్క గొంతు సినిమాలో ఉందిగా, మీకు తెలీదా?" అంది. నా చేతిలో గరిటె జారిపోయింది. నవ్వుల సినిమా అట, అందులో ఒక హత్య. ఇద్దరు తింగరి మనుషులు పనీపాటా మానేసి హంతకుణ్ణి పట్టుకుంటామని బయల్దేరతారట. "అందులో శవాన్ని చూసి ఒకత్తి కెవ్వున కేక వేస్తుంది. ఆ కేక మా అక్కదే. స్టూడియోలో ఎవరో చెప్పారు నాకు" అంది.

అత్తయ్య దగ్గరికి పరుగెత్తి, "నిజమేనా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. కాసేపు తల అడ్డంగా తిప్పి, తర్వాత ఏమనుకుందో ఏమో, అవును కేకే అన్నట్టు తలూపి, జాకెట్టుకు హుక్కులు కుట్టడంలో మునిగిపోయింది.

ఫోన్లో వెతికితే ఆ సినిమా పాటలు దొరికాయి గానీ సినిమా దొరకలేదు. ఇక ఆశ వదులుకున్నాను. అలాంటిది ఒకరోజు మా బస్సు దారిలో ఉన్న పాత సినిమా హాలు ముందు సిగ్నల్ పడింది. కిటికీలోంచి చూస్తే గేటుకు కాగితం అంటించి ఉంది. ఆదివారం ఉదయం పాత సినిమాల అభిమానుల కోసం ఒకే ఒక్క ఆట. కింద ఆ సినిమా పేరు! డ్రైవరన్న ఈల కోసం చూస్తున్నాడు, వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి, నేను ఈల ఊదడం మర్చిపోయాను.

బస్సు దిగగానే ఆ హాలుకు వెళ్ళి ఆపరేటరును అడిగాను. రీళ్ళు పెట్టెలోకి సర్దుతున్న ముసలాయన, "ఇదొక్కటే మిగిలింది తల్లీ. అదీ అరిగిపోయింది. ఈ ఆట అయ్యాక మూలపడేస్తారు. చూడాలనుకుంటే ఇప్పుడే చూడండి" అన్నాడు.

అత్తయ్య రానంది. బల్ల మీద "తలనొప్పి" అని రాసింది. తలనొప్పికి మాత్ర ఇస్తే "పాత సినిమా, బాగోదు" అని రాసింది. శనివారం సాయంత్రానికి "నడుము" అని రాసింది. నేను డిపోలో బతిమాలి సెలవు తెచ్చుకున్న మనిషిని, ఊరుకుంటానా? ఆదివారం పొద్దున్నే ఆటో పిలిచి ఎక్కించాను. అత్తయ్య, చిన్నత్తయ్య, మా ఆయన, నేను. హాల్లో మా వరసంతా మేమే.

సినిమా మొదలైంది. గొడుగులు బాగుచేసేవాడొకడు, పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసే వాడి బావమరిది ఒకడు. వీళ్ళిద్దరే డిటెక్టివులు. పెద్ద మేడలో యజమాని హత్య జరిగిందని తెలిసి, ఎవరూ పిలవకుండానే దిగిపోతారు. గొడుగులవాడు భూతద్దం పెట్టి మెట్ల మీద అడుగుజాడలు వెతుక్కుంటూ మేడంతా తిరిగి, చివరికి తన అడుగుజాడల దగ్గరికే తను వచ్చి నిలబడతాడు. బావమరిది అనుమానం వచ్చిన ప్రతివాడి చేతా నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. ఈలోగా శవం మాయం! హాలంతా పగలబడి నవ్వుతోంది. మా ఆయన మాత్రం ఊపిరి బిగబట్టి కేక కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆ మేడలో అందరికంటే నన్ను నవ్వించింది పై గదిలో ముసలమ్మ. ఆవిడ మంచం దిగదు, తెర మీద కనబడదు. గొంతు ఒక్కటే వస్తుంది. బొంగురుగా, కంచు పళ్ళెం కింద పడేసినట్టు ఉంటుంది. డిటెక్టివులిద్దరూ రహస్యంగా పిల్లిలా అడుగులు వేస్తుంటారా, సరిగ్గా అప్పుడే పైనుంచి "ఒసేయ్ కోడలా! ఎక్కడ తగలడ్డావే?" అని అరుపు. దెబ్బకు ఇద్దరూ ఒకళ్ళ చంకలోకి ఒకళ్ళు ఎక్కేస్తారు. ఆ కోడలు పిల్ల పాపం నోట్లో నాలుక లేనిది.

"అమ్మో, ఏం గొంతు! ఇలాంటి అత్త తగిలుంటే నా గతి ఏమయ్యేది!" అన్నాను అత్తయ్య వైపు వంగి. ఆవిడ నవ్వలేదు. కుర్చీలో కిందికి జారి, కొంగు భుజాల నిండా కప్పుకుంది.

ఇంతలో తెర మీద పనిమనిషి బట్టల బీరువా తెరిచింది. శవం నిలువునా బయటికి పడింది. కెవ్వుమని కేక!

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చిన్నత్తయ్య చప్పట్లు కొట్టేసింది. అత్తయ్య అదే, అదే అన్నట్టు గబగబా తలూపి, అప్పుడే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. బయటికి పోదాం పదమని నా కొంగు లాగింది.

నాకెందుకో ఆ కేక ఆవిడదని మనసుకు ఎక్కలేదు. సన్నగా, ఈల ఊదినట్టుగా ఉంది. వాచ్‌మాన్‌ను గేటు దగ్గరి నుంచి పలికించిన గొంతు ఇదా? అది అలా ఉంచండి, నేను కండక్టర్ని. టికెట్ లేకుండా దిగిపోదామనుకునేవాడి తొందర ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాడు స్టాపు రాకముందే లేస్తాడు, మన మొహం చూడకుండా అటు తిరుగుతాడు. అత్తయ్య అచ్చం అలాగే లేచింది. అలాగే అటు తిరిగింది.

"కూర్చోండత్తయ్యా. ఎవరు చంపారో తెలీకుండా ఎలా వెళ్తాం?" అన్నాను.

చిన్నత్తయ్యకూ అనుమానం పట్టుకున్నట్టుంది. "అవునే, మా అక్కది ఇంత పీల గొంతు కాదే" అని గొణిగింది. మా ఆయన అటు తల్లినీ ఇటు నన్నూ చూస్తున్నాడు. "మరి అమ్మ ఎక్కడుంది?" అన్నాడు, తప్పిపోయిన పిల్లాడు పోలీసును అడిగినట్టు. ఇక తెర మీద ఇద్దరు, కింద ముగ్గురు, మొత్తం అయిదుగురం డిటెక్టివులం అయ్యాం. తోటమాలి పెళ్ళాం ఏడిస్తే చెవులు రిక్కించాం. టెలిఫోనులో ఎవరో ఆడమనిషి "హలో" అంటే ముందుకు వంగాం. ఒక్కదానికీ అత్తయ్య మొహంలో చలనం లేదు.

అప్పుడే శబ్దం ఆగిపోయింది.

బొమ్మ ఆడుతోంది, మాట లేదు. గొడుగులవాడు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఏమీ వినబడదు. హాల్లో ఈలలు మొదలయ్యాయి. ముందు వరసలో ఎవడో సొంతంగా మాటలు కల్పించి చెబుతుంటే జనం నవ్వుతున్నారు. ఈ ఒక్క ఆటేనన్నాడు ముసలాయన. ఆవిడ గొంతు ఇప్పుడే, ఈ చీకట్లోనే, మాకు వినబడకుండా దాటిపోతోందేమో! లేచి మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి దూసుకుపోయాను.

"బొమ్మ ఆపండి ముందు! ఒక్క ముక్క కూడా పోకూడదు!" అని అరిచాను. బస్సు ఆగిపోయేంత గొంతు అది. ఆయన బెదిరిపోయి మిషను ఆపాడు.

"శబ్దం పట్టే బల్బు మాడిపోయిందమ్మా. కంగారు పడకు" అన్నాడు.

"ఇంకోటి లేదా?"

"ఉంది గానీ అదీ పాతదే. వెలిగితే వెలిగినట్టు."

"అందులో మా అత్తయ్య గొంతుంది బాబాయ్. ఆవిడకిప్పుడు మాట లేదు. ఇంకెక్కడా లేదు ఆ గొంతు."

ముసలాయన నన్నొకసారి చూసి, అరలో చెయ్యి పెట్టి వెతికి, చిన్న బల్బును చొక్కా అంచుతో తుడిచి బిగించాడు. అది రెపరెపలాడి నిలిచింది. తర్వాత ఆయన రీలును వెనక్కి తిప్పి, శబ్దం పోయిన చోటు కంటే ఇంకా ముందు నుంచే మొదలుపెట్టాడు. "నువ్వెళ్ళి కూర్చోమ్మా, నేను దీని మీదే చెయ్యేసుకుని ఉంటాను" అన్నాడు. ఆయన పుణ్యం ఊరికే పోదు.

నేను వచ్చి కూర్చునేసరికి డిటెక్టివులిద్దరూ పై గది మెట్లెక్కుతున్నారు. ముసలమ్మే హంతకురాలని వాళ్ళ తీర్మానం. తలుపు తోశారో లేదో, "ఎవడ్రా అది? చెప్పుల కాళ్ళతో నా గదిలోకొస్తారట్రా, మీ దుంప తెగ! గొడుగు బాగుచేసే మొహాలూ మీరూనూ!" అని ఆ గొంతు లంకించుకుంది. దుప్పటిలోంచి చేతికర్ర ఒకటి వచ్చి ఇద్దరినీ చావబాదుతోంది. హాలు దద్దరిల్లింది. నేనూ కడుపు పట్టుకుని నవ్వుతూ, ఆవిడ కూడా నవ్వుతోందా లేదా అని అత్తయ్య వైపు చూశాను.

అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. తెర వెలుగు ఆవిడ మొహం మీద పడుతోంది. పెదాలు కదులుతున్నాయి.

నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచీ ఆవిడ మాట కోసం పెదాలు కదపగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కదుపుతోంది. తెర మీది గొంతు "మీ దుంప తెగ" అంటే ఆవిడ పెదాలూ "మీ దుంప తెగ" అన్నాయి. గొంతు దగ్గితే ఆవిడ పెదాలు ఆగాయి. ఒక్క అక్షరం ముందూ కాదు, వెనకా కాదు.

నా నవ్వు ఆగిపోయింది. మా ఆయన మోకాలు మీద గట్టిగా తట్టి, తల్లి వైపు చెయ్యి చూపించాను. ఆయన చూశాడు. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అమ్మ!" అన్నాడు. మళ్ళీ "అమ్మే!" అన్నాడు.

సినిమా మొదలైనప్పటి నుంచీ ఆవిడ గొంతు మా చుట్టూ తిరుగుతూనే ఉంది. ముసలిదానిలా బొంగురు పెట్టి పలికిందేమో, సొంత చెల్లెలే పోల్చుకోలేకపోయింది. మేం నవ్వుకుంటూ దాన్ని దాటేసి, శవాన్ని చూసి కేక వేసే దాని కోసం వెతుకుతున్నాం. తలనొప్పి, నడుము నొప్పి, ఎవరిదో కేక, ఇవన్నీ ఎందుకో నాకప్పుడు తెలిసింది. లోకంలో మిగిలిన ఆవిడ గొంతు ఇదొక్కటే, అదీ కోడల్ని తిట్టే గొంతు. అది ఈ కోడలి చెవిన పడకూడదనుకుంది. పిచ్చి అత్తయ్య! ఇన్నేళ్ళుగా నన్ను కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి, నేను ఆ తిట్లు నమ్ముతానని భయపడింది!

హంతకుడు దొరికాడు. మేడ లెక్కలు చూసే గుమాస్తా. వాణ్ణి పట్టుకున్నది డిటెక్టివులు కాదు, వాళ్ళ గొడుగు దానంతటదే విచ్చుకుంటే వాడు తట్టుకుని పడ్డాడు. మేడలో వాళ్ళంతా అనుమానించిన కోడలు పిల్ల నిర్దోషి అని తేలింది. తెర మీద మేడలోని జనమంతా వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఒక్కతీ మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. పైనుంచి మళ్ళీ అదే గొంతు వచ్చింది, అంతే బొంగురుగా.

"ఒసేయ్ కోడలా! ఏడ్చింది చాల్లే. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు నువ్వు. ముందు పైకొచ్చి నాలుగు ముద్దలు తిను. ఏడుపెక్కడికీ పోదు."

తెర మీద ఆ పిల్ల పలకలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"పిలుస్తుంటే పలకవేమే?"

నేను లేచి నిలబడ్డాను. ఆపుకోవాలనుకున్నా ఆగేది కాదు. బస్సు ఆ చివరి దాకా వెళ్ళే గొంతుతో, "ఆఁ, వస్తున్నానత్తయ్యా!" అన్నాను.

హాలంతా ఇటు తిరిగి ఘొల్లున నవ్వింది. తెర మీద దీపాలు ఆరిపోతున్నాయి. అత్తయ్య నా చెయ్యి పట్టి కిందికి లాగింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా సిగ్గు. నా వైపు తిరిగి, పెదాలు కదిపింది.

"కూర్చోవే, నలుగురూ చూస్తున్నారు."

చప్పుడేమీ లేదు. కానీ నాకు వినబడింది, బొంగురుగా.